చుక్కకు కాదు, ఆకాశానికి లెక్క కట్టాలి

మేడ మీద ట్రైపాడ్ పెట్టి నక్షత్రాల ఫోటోలు తీసేవాళ్లకి ఎక్స్‌పోజర్ పెద్ద లెక్కేం కాదు. 15 సెకన్లు పెట్టి చూస్తాం, చీకటిగా వస్తే 25 పెడతాం, అంతే. ఇదే పద్ధతి ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనబడని వేడి వెలుగుని చూసే టెలిస్కోప్ దగ్గర పాటిస్తే మొదటి ఫోటోకే బోల్తా పడతాం, ఎందుకంటే అక్కడ చుక్క ఎంత మసకగా ఉందో తర్వాత, ముందు ఆకాశం ఎంత వెలుగుతోందో చూసుకోవాలి.

అమావాస్య రాత్రి ఆకాశం వెలగడమేంటి అంటారా? ఇస్త్రీ పెట్టె స్విచ్ తీసేశాక కూడా చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది కదా, కంటికి ఏ వెలుగూ కనబడకపోయినా. మన ఒళ్లు, గోడలు, గాలి, టెలిస్కోప్ అద్దం, దాన్ని మోసే ఇనుప చట్రం, ఇవన్నీ కూడా 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) దగ్గర గట్టిగానే వెలుగుతుంటాయి. పట్టపగలు, అదీ లోపలంతా దీపాలు పెట్టిన టెలిస్కోప్‌తో చుక్కలు వెతుకుతున్నట్టే. 1 నుంచి 2 మైక్రాన్ల మధ్య ఈ వేడి గొడవ తక్కువే గానీ అక్కడ ఇంకో తంటా: సుమారు 90 కిలోమీటర్ల ఎత్తులో గాలిలోని హైడ్రాక్సిల్ అనే అణువు రాత్రంతా మెరుస్తూ ఉంటుంది, నిమిషాల్లోనే పెరుగుతూ తగ్గుతూ.

సులువైన అంకెలే వేసుకుందాం. ఒక చుక్క వల్ల డిటెక్టర్‌లో సెకనుకి 100 ఎలక్ట్రాన్లు పోగవుతున్నాయి, ఆ చుక్క పరుచుకున్న మచ్చలోనే ఆకాశం వల్ల 10,000. ఆకాశం వాటా తీసేస్తే సరిపోదా? తీసేస్తాం, కానీ ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, కొలిచి పోసినట్టు రావు. 10,000 రావాల్సిన చోట దాని వర్గమూలం, అంటే ఓ 100 అటూ ఇటూ ఊగుతాయి. చుక్కా 100, ఊగిసలాటా 100. అది ఉన్నట్టా లేనట్టా? 100 సెకన్లు ఆగితే చుక్కవి 10,000, ఆకాశానివి 10 లక్షలు, ఊగిసలాట 1,000. పదింతలు తేడా వచ్చింది, ఇక నమ్మొచ్చు.

ఇప్పుడు ఒక మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగు కొలిచే మెట్టు) మసకది, సెకనుకి 40 ఇచ్చే చుక్క తీసుకోండి. రెండున్నర రెట్లు మసక కాబట్టి 250 సెకన్లు చాలనిపిస్తుంది. చాలవు, 625 కావాలి, ఎందుకంటే ఇక్కడ టైమ్ వర్గంలో పెరుగుతుంది. ఇంకో మాగ్నిట్యూడ్ దిగితే గంట దాటిపోతుంది. టెలిస్కోప్ టైమ్‌కి అర్జీ పెట్టేవాళ్ల టెన్షనంతా ఇక్కడే అని నాకనిపిస్తుంది: "ఇంకాస్త మసకవి కూడా చూద్దాం" అంటే చాలు, రాత్రి అయిపోయినట్టే.

పోనీ గంటసేపు తెరిచి కూర్చుందామా అంటే అదీ కుదరదు. కుళాయి కింద బిందె నిండగానే మార్చినట్టు, ఆకాశం వెలుగుతోనే పిక్సెల్ నిండిపోయేలోపు చదివేసి ఖాళీ చేయాలి. 2.2 మైక్రాన్ల దగ్గర ఇది సాధారణంగా కొన్ని పదుల సెకన్లు, 10 మైక్రాన్ల దగ్గర సెకనులో చిన్న వంతు. మరీ చిన్న ముక్కలు చేస్తే చదివిన ప్రతిసారీ డిటెక్టర్ సొంత రొద కలుస్తుంది. అందుకే ముక్క ఎంత, ముక్కలెన్ని అని రెండు లెక్కలు. మధ్యమధ్యలో టెలిస్కోప్‌ని కొద్దిగా జరుపుతారు, దాంతో ఈ ఫోటోలో చుక్క ఉన్నచోట పక్క ఫోటోలో ఖాళీ ఆకాశం దొరుకుతుంది, అదే తీసివేతకి పనికొస్తుంది. నైనితాల్ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోప్ అయినా, లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లే అయినా ఇన్‌ఫ్రారెడ్ అంటే ఈ తిప్పలు తప్పవు. హాన్లేలో గాలి పొడిగా ఉండటం మాత్రం పెద్ద వరం, ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేసేది ముఖ్యంగా నీటి ఆవిరే కాబట్టి.

అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కి గాలి గొడవే లేదు. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఐదు పొరల తెర నీడలో చల్లగా ఉంది. 2022 జులైలో విడుదలైన దాని మొదటి డీప్ ఫీల్డ్ (చాలా దూరపు మసక వస్తువుల) చిత్రానికి మొత్తం 12.5 గంటలు పట్టింది, అదీ వేర్వేరు ఫిల్టర్లలో తీసిన ముక్కలు కలిపి. అక్కడి బెడద కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో వేగంగా దూసుకొచ్చే కణాలు, ఎప్పుడు ఏ పిక్సెల్‌ని కొడతాయో తెలియదు. దానికో చక్కటి ఉపాయం ఉంది: పిక్సెల్‌ని ఖాళీ చేయకుండానే మళ్లీ మళ్లీ చదవడం. నియర్‌క్యామ్ కెమెరా మొత్తం ఫ్రేమ్‌ని ఒకసారి చదవడానికి సుమారు 10.7 సెకన్లు. ఆ అంకెలు గీతగా గీస్తే వాలుగా ఎక్కుతూ పోతాయి, ఆ వాలే చుక్క వెలుగు. మధ్యలో ఉన్నట్టుండి మెట్టులా ఎగిరితే కిరణం తగిలిందన్నమాట. ఆ మెట్టు వదిలేసి, ముందూ వెనకా ఉన్న వాలు మాత్రం తీసుకుంటారు.