గేర్ సైకిల్‌కి వెనక డీరైలర్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో గేర్ సైకిళ్లు బాగుచేస్తుంటాను. వానలు మొదలైతే చాలు, వెనక డీరైలర్ (గేరు మార్చినప్పుడు చెయిన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) మార్చమని వచ్చేవాళ్లు ఎక్కువైపోతారు. కొందరు ఆన్‌లైన్‌లో కొన్న కొత్తది చేత్తో పట్టుకునే వస్తారు. కష్టపడి కొనుక్కున్న వస్తువు సైకిల్‌కి పనికిరాదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: షిమానో కంపెనీ గేర్లున్న సైకిల్‌కి ఏ షిమానో డీరైలర్ అయినా పడుతుంది.

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. మొన్న రాజోలు వైపు నుంచి ఒక కుర్రాడు 8 స్పీడ్ (అంటే వెనక ఎనిమిది పళ్ల చక్రాలున్న) మౌంటెన్ బైక్ తెచ్చాడు. "ఇంకా మంచిదని 10 స్పీడ్‌ది వేయించానండీ. ఇప్పుడు ఒక్క గేరూ నిలబడట్లేదండి" అన్నాడు. డీరైలర్ మంచిదే, షిఫ్టరూ (హ్యాండిల్ దగ్గర గేరు మార్చే మీట) మంచిదే. ఆ రెండిటికీ పొత్తు కుదరలేదు.

వెనక ఎన్ని పళ్ల చక్రాలున్నాయో డీరైలర్‌కి తెలియదు. క్లిక్కులు లెక్కపెట్టేది షిఫ్టర్. క్లిక్కుకి ఇంత అని అది కేబుల్ లాగుతుంది, డీరైలర్ దానికి కొన్ని రెట్లు పక్కకి జరుగుతుంది. షిమానోలో 6 నుంచి 9 స్పీడ్ దాకా పాత వరుసల్లో అది సుమారు 1.7 రెట్లు. మౌంటెన్ బైక్ 10 స్పీడ్‌కి వచ్చేసరికి దాన్ని 1.2 దగ్గరికి తగ్గించారు. 8 స్పీడ్ షిఫ్టర్ క్లిక్కుకి లాగే కేబుల్ 2.8 మి.మీ. పాత డీరైలర్ దానికి 4.8 మి.మీ. జరుగుతుంది. చక్రానికీ చక్రానికీ ఉన్న దూరమూ అంతే. కుర్రాడు వేయించింది 3.4 మి.మీ. దగ్గరే ఆగిపోతోంది. మూడు క్లిక్కులయ్యేసరికి దాదాపు ఒక చక్రం వెనకబడుతుంది. ఏ స్క్రూ ఎంత తిప్పినా ఆ తేడా పూడదు.

అదే 7 స్పీడ్ సైకిల్‌కి పాత వరుసల్లోని 8, 9 స్పీడ్ షిమానో డీరైలర్ నిశ్చింతగా వేసుకోవచ్చు. షిమానోలోనే కొత్తగా వస్తున్న క్యూస్ వరుస మాత్రం, 9 స్పీడ్ అని రాసి ఉన్నా, ఈ లెక్కలోకి రాదు. ఇంకో కంపెనీ స్రామ్ మౌంటెన్ బైక్ డీరైలర్లలో ఎక్కువ వాటి కొలత కూడా వేరే. కాబట్టి ముందు మీ షిఫ్టర్ మోడల్ నంబరు చూడండి, డీరైలర్ సంగతి ఆ తర్వాత.

అపోహ: కేజ్ పొడుగ్గా ఉంటే వెనక ఎంత పెద్ద పళ్ల చక్రమైనా వేసుకోవచ్చు.

కేజ్ అంటే డీరైలర్ కింద రెండు పుల్లీలని (చెయిన్ నడిచే చిన్న చక్రాలని) పట్టుకునే చట్రం. దాని పొడుగు చెయిన్ వదులుని సర్దడానికి. ముందు 42-34-24, వెనక 11-34 పళ్ల చక్రాలుంటే, పెద్దదానికీ చిన్నదానికీ తేడాలు 18, 23 కలిపి 41 పళ్లు. డీరైలర్ కెపాసిటీ అంతకి తగ్గకూడదు. పెద్ద చక్రానికి హద్దు వేరే ఉంటుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలని ముందు ఒకే 32 పెట్టి, వెనక 11-42 వేస్తే లెక్క 31కి దిగుతుంది. అయినా 34 పళ్ల హద్దున్న డీరైలర్ దానికి పనికిరాదు. పై పుల్లీ వెళ్లి పెద్ద చక్రానికి రాసుకుంటుంది.

అపోహ: గేరు జారుతోందంటే డీరైలర్ పోయినట్టే.

సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కించేటప్పుడు బైకుల మధ్య ఇరికిన సైకిల్ ఒకటి నా దగ్గరికొచ్చింది. డీరైలర్ మీద గీత కూడా లేదు. వెనక కూర్చుని ఒక కన్ను మూసి చూశాను. రెండు పుల్లీలూ పళ్ల చక్రానికి వరసలో లేవు, కిందిది లోపలికి తిరిగి ఉంది. వంగింది హ్యాంగర్, అంటే డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క. డీరైలర్ విప్పి, అదే మరలో వంపు కొలిచే గేజ్ బిగించి, రిమ్ చుట్టూ నాలుగు చోట్ల దూరం కొలుస్తూ మెల్లగా సరిచేశాను. గేర్లన్నీ పలికాయి. వంగిన హ్యాంగర్‌తో మాత్రం తొక్కొద్దు. చెయిన్ పెద్ద పళ్ల చక్రం మీదికి వెళ్లినప్పుడు కేజ్ వెనక చక్రం పుల్లల్లోకి దూరితే ఆ చక్రం, డీరైలర్ రెండూ పోతాయి, మనిషీ పడతాడు. హ్యాంగర్ విరిగితే పాతది పట్టుకునే కొత్తదానికి వెళ్లండి. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం ఉంటుంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు సైకిళ్లకైతే ఇంకోటి. ఉప్పుగాలికి ఔటర్ (కేబుల్ మీది తొడుగు) లోపల కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, అందరూ డీరైలర్ స్ప్రింగుని అనుమానిస్తారు. కేబుల్ విప్పేసి డీరైలర్‌ని చేత్తో లోపలికి తోసి వదలండి. టక్కున వెనక్కి వస్తే స్ప్రింగు బాగానే ఉంది. కేబుల్, ఔటర్ మార్పించుకుంటే చాలు.