"కనెక్ట్ అవట్లేదు" అంటే నెట్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

నేను పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన సైట్ల సర్వర్లు చూస్తుంటాను. "సర్వర్‌కి నెట్ పోయినట్టుంది" అని ఎవరు ఫోన్ చేసినా ముందు ఒక్కటే అడుగుతాను: ఎర్రర్‌లో ఏముందో ఉన్నదున్నట్టు చదవండి.

అపోహ: ఎర్రర్‌లో కనెక్షన్ రిఫ్యూజ్డ్ అన్నా, టైమ్‌డ్ అవుట్ అన్నా ఒకటే.
వాస్తవం: రిఫ్యూజ్డ్ అయితే దాదాపుగా అవతలి మెషీన్ దాకా వెళ్లినట్టే, ఆ పోర్టులో (మెషీన్‌లో ఒక్కో సర్వీసుకి ఉండే నంబరు వాకిలి) ఏ సర్వీసూ నడవట్లేదు. టైమ్‌డ్ అవుట్ అయితే అసలు జవాబే రాలేదు. చాలాసార్లు ఫైర్‌వాల్ (రాకపోకల్ని వడగట్టే కాపలా) మనం పంపిన ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేస్తుంటుంది.

అపోహ: "ఇదే మెషీన్" అని చెప్పే లోకల్‌హోస్ట్, 127.0.0.1 రెండూ ఒకటే.
వాస్తవం: లైనక్స్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు కాదు. లోకల్‌హోస్ట్ అని రాస్తే పీహెచ్‌పీ నెట్‌వర్క్ దారి వదిలి సాకెట్ ఫైలు (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే ప్రత్యేక ఫైలు) కోసం వెతుకుతుంది. మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ నంబర్ 2002 పక్కన "నో సచ్ ఫైల్" అని కనబడేది అందుకే.

అపోహ: టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్టు బ్రౌజర్‌లోనూ నడవాలి.
వాస్తవం: దీని మీద నాకు ఒక రాత్రంతా పోయింది. పేమెంట్ స్క్రిప్టు కమాండ్ లైన్‌లో చక్కగా జవాబు తెస్తోంది. బ్రౌజర్‌లో తెరిస్తే కర్ల్ (స్క్రిప్టు వేరే సర్వర్లతో మాట్లాడటానికి వాడే టూల్) ఎర్రర్ 7, అంటే కనెక్ట్ కాలేదని, పక్కనే "పర్మిషన్ డినైడ్". ఆ రెండు మాటలు పట్టించుకోకుండా డీఎన్‌ఎస్ (సైటు పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది), ఫైర్‌వాల్ అంతా తిరగేశాను. చివరికి ఆడిట్ లాగ్ తెరిస్తే వెబ్ సర్వర్ పేరుతో వరుసగా "డినైడ్" లైన్లు! రెడ్‌హ్యాట్ తరహా లైనక్స్ సర్వర్లలో ఎస్‌ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ వెబ్ సర్వర్‌ని మామూలుగా బయటికి కనెక్ట్ కానివ్వదు. టెర్మినల్‌లో మన యూజర్‌కి ఆ అడ్డు ఉండదు. "హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్" అనే సెట్టింగ్ ఒక్కటి ఆన్ చేస్తే సరిపోయింది. ఎస్‌ఈలైనక్స్ మొత్తం ఆపేయమనే సలహా మాత్రం దయచేసి వినకండి.

అపోహ: ఎస్‌ఎస్‌ఎల్ (సురక్షిత కనెక్షన్) ఎర్రర్ వస్తే అవతలి సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఆపేస్తే చాలు.
వాస్తవం: ఎర్రర్ పోతుంది, భద్రతా పోతుంది. మధ్యలో ఎవరు దూరినా మీ స్క్రిప్టుకి తెలియదు. 2021 సెప్టెంబర్ 30న సైట్లకి ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడుతున్న పాత రూట్ సర్టిఫికెట్ (మిగతావాటిని నమ్మడానికి ఆధారమైనది) గడువు తీరి, పాత సర్వర్లలో చాలా స్క్రిప్టులు ఆగిపోయాయి. అలాంటప్పుడు చేయాల్సింది సర్వర్‌లోని నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితా, వాటిని సరిచూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడం.

అపోహ: స్క్రిప్టుకి 30 సెకన్ల పరిమితి పెట్టాం, ఎక్కడా వేలాడదు.
వాస్తవం: లైనక్స్‌లో అవతలి జవాబు కోసం ఆగిన సమయాన్ని పీహెచ్‌పీ ఆ లెక్కలో వేయదు. కర్ల్ అయితే కనెక్షన్ కోసమే 300 సెకన్ల దాకా ఎదురుచూడగలదు. అందుకే నేను కనెక్షన్‌కి 5, మొత్తానికి 15 సెకన్లు విడిగా రాస్తాను. పేమెంట్లకి మాత్రం మొత్తం సమయం కాస్త పెంచుతాను.