కొలోన్ కేథడ్రల్‌ను బాంబర్లు వదిలేశారన్నది నిజమేనా?

యుద్ధంలో ఎక్కడ ఏ ప్రార్థనాస్థలం దెబ్బతిన్నా ఒక పాత ఫొటో మళ్లీ తిరగడం మొదలవుతుంది. 2023 జులైలో ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో ఉన్న ట్రాన్స్‌ఫిగరేషన్ కేథడ్రల్‌ను రష్యా క్షిపణి తాకిన తర్వాత వాదన మళ్లీ రాజుకుంది. ఫొటో రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికా విమానాలు బాంబులు కురిపించిన జర్మనీ నగరం కొలోన్‌ది, 1945 నాటిది. చుట్టూ ఊరంతా శిథిలాలు, మధ్యలో అక్కడి కేథడ్రల్ 157 మీటర్ల జంట శిఖరాలు. ‘ఆ రోజుల్లో పైలట్లు దేవుడి ఇంటిని గౌరవించి వదిలేశారు, ఈ రోజుల్లో ఆ పాటి విలువలు కూడా లేవు’ అన్నది దానికింద కనిపించే మాట.

1248లో పునాది పడి 1880లో పూర్తయిన ఈ కట్టడం చరిత్ర చాలామందికి తెలిసిందే. ఇప్పటి వాదనకు అందులో కావాల్సిన ఘట్టం ఒక్కటే. 1860 ప్రాంతంలో ప్రధాన శిల్పి ఎర్నస్ట్ ఫ్రెడ్రిష్ జ్విర్నర్ పైకప్పుకు కలప దూలాలు వద్దని ఇనుప చట్రం ఎంచుకున్నాడు. ఎనభై ఏళ్ల తర్వాత కేథడ్రల్‌ను బతికించింది ప్రధానంగా ఆ నిర్ణయమే అని నా నమ్మకం. 1940 నవంబరులో బ్రిటన్‌లోని కోవెంట్రీ కేథడ్రల్, 1942 మార్చిలో జర్మనీలోని ల్యూబెక్‌లో సెయింట్ మేరీ చర్చి నిప్పుబాంబులకు తగలబడ్డాయి. రెండింటి కప్పులూ కలపవే. 2019లో పారిస్ నోత్ర్ దామ్ కప్పు ఎంత త్వరగా అంటుకుందో మనమే టీవీల్లో చూశాం.

ఇక వదిలేయడం సంగతి. ఈ కేథడ్రల్‌పై 14 పెద్ద బాంబులు పడ్డాయి. నిప్పుబాంబులు వేరే. 1943 జూన్ 29 దాడిలో కమానులు కూలాయి, ఆర్గన్ వాద్యం నాశనమైంది. పక్కనే కొలోన్ ప్రధాన రైల్వే స్టేషన్, ఆ వెనకే రైన్ నదిపై రైలు వంతెన. వాటి మీద బాంబులు వేస్తూ కేథడ్రల్‌ను తప్పించేంత గురి అప్పట్లో ఎవరికీ లేదు. బ్రిటన్ ప్రభుత్వం చేయించిన 1941 నాటి బట్ నివేదిక ప్రకారం, లక్ష్యంపై దాడి చేశామని చెప్పిన విమానాల్లో దానికి ఐదు మైళ్ల లోపలికి చేరినవి మూడింట ఒక వంతే. 1942 మే 30 రాత్రి వెయ్యి బ్రిటన్ విమానాలు ఈ ఊరి మీదకొచ్చినప్పుడు గురిపెట్టింది ఊరికే. కొలోన్‌లోని పురాతన రోమనెస్క్ (గుండ్రని కమానుల మధ్యయుగ శైలి) చర్చిలు కూడా ఈ యుద్ధంలోనే ఘోరంగా దెబ్బతిన్నాయి. భక్తితో వదిలేసి ఉంటే వాటినెందుకు వదల్లేదు?

శిఖరాలు పైలట్లకు ఆనవాలుగా పనికొచ్చాయి కాబట్టి కూల్చలేదని ఇంకో వాదన ఉంది. ఆనవాలుగా ఉపయోగపడి ఉండొచ్చు. అంతమాత్రాన బాంబులు దాన్ని తప్పించుకుని పడవు.

నిజంగా టెన్షన్ పెట్టిన దెబ్బ 1943 నవంబరు 3న తగిలింది. ఉత్తర శిఖరం మూల స్తంభంలో పెద్ద ముక్క ఎగిరిపోయింది. అంత బరువు మోసే స్తంభం అది. శిఖరం ఒరిగే ప్రమాదం ఉండటంతో దాదాపు 27 వేల ఇటుకలతో ఆ గండిని హడావుడిగా పూడ్చారు. విలువైన పాత కిటికీ అద్దాలను ముందే విప్పి దాచారు. రాత్రుళ్లు కాపలా ఉండి మంటలు ఆర్పారు. గోడల నిండా పెద్ద కిటికీలే కావడంతో పేలుడు ఒత్తిడి చాలావరకు బయటికి పోయింది. గోడలకు ఊతంగా బయట ఉన్న రాతి కమానులు కట్టడాన్ని నిలబెట్టాయి. పదేపదే దెబ్బలు తిన్న కట్టడాన్ని మనుషులు, ఇనుము, రాయి కలిసి నిలబెట్టిన కథ ఇది. ‘వదిలేశారు’ అన్న ఒక్క మాటతో ఆ పని చేసిన వాళ్లంతా కనిపించకుండా పోతున్నారు. ఈ నగరంలో దాదాపు 20 వేల మందిని చంపిన దాడులకు మాత్రం మంచిపేరు మిగులుతోంది.

ఆ ఇటుకల మాటు యాభై ఏళ్లకు పైగా ముందువైపే అందరికీ కనిపించేది. యుద్ధానికి గుర్తుగా అలాగే ఉంచాలని కొందరు, పాత రూపం తేవాలని కొందరు పట్టుబట్టారు. చివరికి 1990ల్లో రెండో పక్షం మాటే నెగ్గింది. 2005కల్లా అక్కడ చెక్కిన రాయి వచ్చింది. పనితనం గొప్పదే, కానీ ఆ నిర్ణయం తప్పని నేననుకుంటున్నాను. ఇప్పుడు స్టేషన్ దిగి అటు చూసేవాళ్లకు దెబ్బ ఎక్కడ తగిలిందో ఎవరైనా చూపిస్తే తప్ప తెలియదు.