వినీ వినీ తగిలే దెబ్బ

గుంటూరులో, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రంలో పనిచేసే ఒక కౌన్సెలర్‌ని ఊహించుకోండి. రోజూ ఆమె ముందు కూర్చునేది దెబ్బలు తిన్నవాళ్లు, ఒంటి మీద కిరోసిన్ పోయించుకున్నవాళ్లు, అమ్మకి కూడా చెప్పుకోలేనిది మొదటిసారి నోరు తెరిచి చెబుతున్న ఆడపిల్లలు. ఆమెకి ఇంట్లో ఏ కష్టమూ లేదు. కానీ కొన్నాళ్లు పోయేసరికి కూతుర్ని పక్కింటి బాబాయి బండి మీద ట్యూషన్‌కి పంపాలంటే మనసొప్పదు, ఆటో ఎక్కితే డ్రైవర్ అద్దంలో ఎటు చూస్తున్నాడా అని ఒకటే టెన్షన్.

దీనికి 1990లో లీసా మెకాన్, లారీ ఆన్ పెర్ల్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు వికేరియస్ ట్రామా అని పేరు పెట్టారు. బయటికెళ్తే క్షేమంగా తిరిగొస్తాం, మనుషుల్ని నమ్మొచ్చు, మన బతుకు కొంతైనా మన చేతిలో ఉంది అనే నమ్మకాల మీదే కదా మనం రోజు గడిపేది, పక్కవాళ్ల ఘోరాలు మనసు పెట్టి వింటూ ఉంటే అవే కదిలిపోతాయంటారు వాళ్లు. పని ఎక్కువై నీరసించడం వేరు. ఆ బర్నవుట్ బ్యాంకు ఉద్యోగికైనా వస్తుంది, పని తగ్గితే కాస్త తేరుకుంటాడు. ఇది మాత్రం సెలవు పెట్టి తిరుపతి వెళ్లినా వెంటే వస్తుంది.

దెబ్బ తగిలింది ఆమెకి కాదుగా అంటారా? 2004లో లండన్‌లో మెదడు మీద పరిశోధించే టానియా సింగర్ బృందం 16 జంటల మీద ఒక ప్రయోగం చేసింది. మెదడు స్కానర్‌లో ఉన్న ఆడమనిషికి తన భాగస్వామి మొహం కనపడదు, అతని చేతికి షాక్ పెడుతున్నారని తెలిపే గుర్తు మాత్రం కనిపిస్తుంది. అయినా తనకే షాక్ తగిలినప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో కొన్ని, ముఖ్యంగా బాధలోని దుఃఖానికి సంబంధించినవి, అప్పుడూ పనిచేశాయి. నొప్పి ఎక్కడ, ఎంత అని లెక్క చూసే భాగాలు మాత్రం కదల్లేదు.

మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికన్ సైకియాట్రిస్టులు వాడే 2013 నాటి మాన్యువల్ డీఎస్ఎమ్-5 కూడా దీన్ని కొంతవరకు ఒప్పుకుంది. శవాలు ఏరే సిబ్బంది, పిల్లల మీద అఘాయిత్యాల వివరాలు పదేపదే వినాల్సొచ్చే పోలీసులు పీటీఎస్‌డీకి, అంటే ఘోరం తర్వాత మనసుని వదలని జబ్బుకి, గురికావచ్చని రాసింది. టీవీలోనో ఫోన్లోనో చూస్తే ఈ లెక్కలోకి రాదు, అది ఉద్యోగంలో భాగమైతే తప్ప. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగితే మనలో చాలామందిమి వీడియోలే చూశాం. పడవలేసుకుని లోపలికి వెళ్లినవాళ్ల సంగతి వేరు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఏ ఆఫీసైనా దీనికి చేసేది ఒక యోగా క్లాసు, ఒక గ్రూప్ ఫోటో. కెనడాలో 2006లో బోబర్, రెగర్ అనే పరిశోధకులు 259 మంది థెరపిస్టుల్ని అడిగి చూస్తే, సొంతంగా విశ్రాంతి, సరదాలకి టైమ్ కేటాయించుకున్నవాళ్లలో ట్రామా లక్షణాలేమీ తగ్గలేదు. తేడా కనిపించింది వారానికి ఎన్ని గంటలు అలాంటి కేసులు చూస్తున్నారన్న దగ్గరే. అంటే ఇది రోస్టర్ వేసేవాళ్లు తేల్చాల్సిన విషయం: అత్యాచారం కేసులన్నీ ఒకే అమ్మాయి టేబుల్ మీద పడెయ్యకుండా పంచడం, సీనియర్‌తో కూర్చుని కేసు మాట్లాడుకునే గంటని డ్యూటీలోనే లెక్కేయడం. కొత్తగా చేరినవాళ్ల మీద ఇంకాస్త కన్నేసి ఉంచాలి, గుండె రాయి చేసుకో అని వాళ్లకి చెప్పి లాభం లేదు.

ఈలోగా ఎవరికైనా భారం మరీ ఎక్కువైతే మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్లదీ రోజంతా వినే ఉద్యోగమే, వాళ్ల రోస్టర్ కూడా ఎవరో ఒకరు చూడాలి.