గాయం ఎక్కడుంది? షెల్ షాక్ నుంచి భయస్మృతి దాకా

1915 ఫిబ్రవరిలో బ్రిటిష్ వైద్యపత్రిక లాన్సెట్‌లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ముగ్గురు సైనికుల కేసులను ప్రచురించారు. వారిలో మొదటివాడికి ఇరవై ఏళ్లు. ముళ్లకంచెలో చిక్కుకుని పెనుగులాడుతుండగా అతని చుట్టూ ఫిరంగి గుండ్లు పేలాయి. ఒంటిమీద చెప్పుకోదగ్గ దెబ్బ లేదు. అయినా చూపు మందగించింది, వాసనా రుచీ తెలియకుండా పోయాయి. ఆ వ్యాసం శీర్షికలోని షెల్ షాక్ అన్న మాట పత్రికలకూ పటాలాలకూ పాకి, చివరికి ఆ యుద్ధానికే గుర్తుగా మిగిలింది. ఇలాంటి మనిషిని మన పల్లెల్లో చూసి ఉంటే జడుసుకున్నాడనేవారు, తాయెత్తు కట్టించేవారు. తాయెత్తు సంగతి ఎలా ఉన్నా, జడుపు జ్వరం అన్న మాటలో ఒక విశేషం ఉంది: భయాన్ని మనసుకూ జ్వరాన్ని ఒంటికీ అది పంచిపెట్టదు, పడ్డవాడిని తప్పుపట్టదు. పాశ్చాత్య వైద్యం మాత్రం గాయం ఒంట్లో ఉందా, మనసులో ఉందా అని నూరేళ్లకు పైగా తర్జనభర్జన పడింది. ఆ వాదన ఎటు మొగ్గితే బాధితుడి బతుకు అటు తిరిగింది.

వాదన యుద్ధంతో మొదలైనది కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో రైలు ప్రమాదాల నుంచి ఎముక విరగకుండా బయటపడ్డవారు, కొన్నాళ్లకు నిద్ర పట్టక, మతి నిలవక, నష్టపరిహారం కోసం కోర్టుకెక్కేవారు. వెన్నుపాముకు తగిలిన కుదుపే దీనికి మూలమని శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సెన్ 1866లో చెప్పగా, భయమొక్కటే ఇంత పని చేయగలదని రైల్వే కంపెనీ వైద్యుడు హెర్బర్ట్ పేజ్ 1883లో బదులిచ్చారు. శాస్త్రపరంగా పేజ్ మాటే సత్యానికి దగ్గర. కానీ అది పరిహారం తగ్గించుకోవాలనుకునే కంపెనీకి కలిసొచ్చే మాట కూడా.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ లెక్క మరింత కఠినమైంది. బయటికి గాయం కనిపించకుండా చనిపోయిన ఇద్దరు సైనికుల మెదళ్లను ఫ్రెడరిక్ మాట్ అనే వైద్యుడు సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, సూదిమొనలంత రక్తస్రావాలను చూపారు. అయితే గుండు పేలిన దరిదాపుల్లో లేనివారికీ అవే లక్షణాలు రావడంతో ఆ వివరణ అందరికీ సరిపోలేదు. సైన్యం రోగులను రెండు ముద్రల కింద విభజించింది: శత్రువు గుండు వల్ల వచ్చిందని తేలితే గాయపడ్డవాడు, కాకుంటే జబ్బుపడ్డవాడు. మొదటివాడికి చొక్కా చేతిమీద గాయపు పట్టీ, పింఛను హక్కు దక్కేవి. రెండోవాడికి అవి లేవు. ఏ ముద్రా దక్కని కొందరు కోర్టు మార్షల్ ముందు నిలబడ్డారు. పారిపోవడం, పిరికితనం వంటి అభియోగాల మీద కాల్చివేతకు గురైన 306 మంది బ్రిటిష్, కామన్వెల్త్ సైనికులకు బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించింది 2006లో. ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే వైద్యుడు మాత్రం వేరే దారి పట్టారు. జరిగినదాన్ని మరచిపొమ్మనడం రోగికి మేలు చేయదని, దాన్ని మాటల్లోకి తెచ్చుకోనివ్వాలని ఆయన 1917 నాటికే వాదించారు.

శరీరం వైపు నుంచి మరో పాయ నడుస్తూ వచ్చింది. ప్రమాదం ఎదురైన ప్రాణి పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమయ్యే తీరును అమెరికాలో వాల్టర్ కానన్ 1915లో వివరించారు. మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే కొత్త హార్మోను దొరుకుతుందన్న ఆశతో ఎలుకలకు గ్రంథుల సారం ఎక్కించగా, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. ఫార్మలిన్ అనే ఘాటు రసాయనం ఎక్కించినా, చలిలో ఉంచినా అవే మార్పులు కనిపించాయి. హార్మోను దొరకలేదు. 1936లో నేచర్ పత్రికకు రాసిన చిన్న లేఖలో, దెబ్బ ఏదైనా శరీరం ఒకే మూసలో స్పందిస్తుందని సెల్యే ప్రతిపాదించారు. ఒత్తిడి గురించి మనం ఇవాళ మాట్లాడే భాషకు పునాది అదే.

పేరు కుదరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1952 నాటి మానసిక వ్యాధుల వర్గీకరణలో తీవ్ర ఒత్తిడి ప్రతిచర్య అన్న పద్దు ఉంది. 1968లో దాన్ని తీసేశారు, అదీ వియత్నాం యుద్ధం ముమ్మరంగా సాగుతున్న వేళ. తిరిగివచ్చిన సైనికులు తమలో తాము కూర్చుని మాట్లాడుకున్న బృందాలు, అత్యాచార బాధితులలో ఇలాంటి లక్షణాలనే 1974లో నమోదు చేసిన ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రమ్‌ల పరిశీలన కలిసి, 1980లో పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే దుర్ఘటన తర్వాత వదలని ఒత్తిడి రుగ్మత) అన్న నిర్ధారణకు దారి వేశాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకుని బతికి బయటపడ్డవారి బాధకు వైద్యగ్రంథంలో ఆనాటికి ఆ పేరు లేదన్నమాట.

పేరు వచ్చాక మెదడులో ఆనవాలు వెతకడం ఊపందుకుంది. ఒత్తిడి హార్మోను జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో చేరుతుందని 1968లోనే రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్యుయెన్ ఎలుకల్లో చూపారు. 1995లో డగ్లస్ బ్రెమ్నర్ బృందం పీటీఎస్‌డీ ఉన్న 26 మంది మాజీ సైనికులను స్కాన్ చేసి, కుడివైపు హిప్పోక్యాంపస్ 8 శాతం చిన్నదిగా ఉందని ప్రకటించింది. భయం మెదడును అరగదీసిందన్న కథ క్షణాల్లో అల్లుకుపోయింది. కానీ 2002లో, ఒకరు యుద్ధానికి వెళ్లి మరొకరు ఇంట్లో ఉన్న ఏకరూప కవలలను పరిశీలించిన మార్క్ గిల్బర్ట్‌సన్ బృందానికి, తీవ్ర పీటీఎస్‌డీ ఉన్న సైనికుడిలోనే కాదు, యుద్ధం ముఖమే చూడని అతని తోబుట్టువులోనూ హిప్పోక్యాంపస్ చిన్నదిగానే కనిపించింది. అంటే అది గాయం మిగిల్చిన మచ్చ కాకపోవచ్చు. గాయం తేలిగ్గా తగిలే అవకాశాన్ని ముందే పెంచిన లక్షణం కావచ్చు. మెదడు బొమ్మలు చూపి చికిత్స అమ్మేవారు ఈ రెండో అధ్యయనం ఊసెత్తడం అరుదు.

చికిత్సకు నిజంగా ఉపకరించిన జ్ఞానం మరో దారిన వచ్చింది. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తినప్పుడు ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాల కుక్కలు గూళ్లలో దాదాపు మునిగిపోయాయి. సిబ్బంది వాటిని నీళ్లలో ఈదించి బయటికి తెచ్చారు. తర్వాత కొన్ని కుక్కలు నేర్చినదంతా మరిచాయి. నెలల తరబడి శ్రమించి దారికి తెచ్చాక, తలుపు కింది నుంచి సన్నని నీటిధారను గదిలోకి వదిలితే చాలు, పాత స్థితి తిరగబెట్టింది. మన వేదాంతంలో తాడును పామనుకున్నవాడికి దీపం తెస్తే భ్రాంతి తొలగుతుంది. ట్రామాలో, అంటే మనసుకు తగిలిన ఇలాంటి గాయంలో, చిక్కు ఏమిటంటే, అది తాడేనని తెలిసి కూడా కాళ్లూ చేతులూ ఆడవు. జోసెఫ్ లెడూ వంటివారు ఎలుకల్లో పరిశోధించి తేల్చినదాని ప్రకారం, శబ్దానికీ నొప్పికీ ముడివేసే పని అమిగ్డాలా అనే మెదడు భాగంలో జరుగుతుంది. ఆ శబ్దాన్ని నొప్పి లేకుండా పదేపదే వినిపిస్తే భయం తగ్గుతుంది. అయితే ముడి విడిపోదు. దాన్ని అణచి ఉంచే మరో జ్ఞాపకం ఏర్పడుతుంది. ఆ కొత్త జ్ఞాపకం నిలవడంలో మెదడు ముందుభాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పాత్రను మొహమ్మద్ మిలాద్, గ్రెగరీ క్వర్క్ 2002లో చూపారు.

ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ చికిత్స ఈ సూత్రం మీదే నడుస్తుంది. పైన చెప్పిన మెదడు స్కాన్ల అధ్యయనాలు రాకముందే ఆమె 1980లలో దీన్ని అభ్యసన సిద్ధాంతం నుంచి అల్లుకున్నారన్నది గమనించదగ్గది. దాదాపు గంటన్నర సాగే సిట్టింగులో రోగి కళ్లు మూసుకుని, నేను రోడ్డు దాటుతున్నాను, ఎడమ నుంచి లైట్లు వస్తున్నాయి అంటూ వర్తమానంలో చెబుతారు, మళ్లీ మొదటి నుంచి చెబుతారు. ఆ రికార్డింగును ఇంట్లో రోజూ వింటారు. 1989లో ఫ్రాన్సిన్ షపీరో ప్రకటించిన ఈఎండీఆర్‌కు (జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్సకు) కూడా గట్టి ఆధారాలున్నాయి, అందులో కళ్ల కదలికల వంతు ఎంతన్నదే తేలని వివాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు ట్రామాపై దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ చికిత్సతో (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్సతో) పాటు ఈఎండీఆర్‌నూ సిఫారసు చేశాయి. దుర్ఘటన జరిగిన వెంటనే అందరినీ ఒకసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతి మాత్రం పరీక్షల్లో పీటీఎస్‌డీని ఆపలేకపోయింది, కొందరికి కీడు చేసిందన్న సూచనలూ వచ్చాయి. కాబట్టి చెప్పించడం ఒక్కటే మందు కాదు. ఎప్పుడు, ఎంతసేపు, ఏ ఆసరాతో చెప్పిస్తారన్నది ముఖ్యం.

భయాన్ని అణచే కొత్త జ్ఞాపకానికి ఒక బలహీనత ఉంది: అది నేర్చిన చోటికే అంటిపెట్టుకుంటుంది. ఒక పెట్టెలో భయం పోయిన ఎలుకను మరో పెట్టెలో ఉంచితే మళ్లీ బిగుసుకుపోతుంది. ఈ కారణంగానే, రోడ్డు ప్రమాదంలో చిక్కిన మనిషికి థెరపిస్టు గదిలో గుండెదడ తగ్గినా పని పూర్తికాదు. మొదట ప్రమాదం జరిగిన కూడలి ఫొటో చూడటం, తర్వాత తోడు తీసుకుని అక్కడ నిలబడటం, ఆపై ఒంటరిగా వెళ్లడం, పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, వాన కురుస్తుండగా ఇంకొకసారి.