సెన్‌హైజర్ నిజంగా వెనకబడిందా?

"ఛార్జింగ్ పిన్ను ఎక్కడ పెట్టాలండీ దీనికి?"

విజయనగరం గంటస్తంభం దగ్గర మొబైల్ షాపులో కుర్రాడు నా హెడ్‌ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి ఇలా అడిగాడు. నేను వెళ్లింది టైప్-సి అడాప్టర్ కోసం. కొత్త ఫోన్‌కి హెడ్‌ఫోన్ గుచ్చే కన్నమే లేదు, నా హెడ్‌ఫోన్‌కేమో బారెడు వైరు. ఛార్జింగ్ అక్కర్లేదని చెబితే వెటకారం ఆడుతున్నాననుకున్నాడు. "ఏటి, పాత కంపెనీయా అండీ?" అన్నాడు, కాస్త జాలిగా. అతని వెనక అద్దాల బీరువా నిండా ఇయర్‌బడ్స్ డబ్బాలే. అందులో నా హెడ్‌ఫోన్ చేసిన సెన్‌హైజర్ కంపెనీది ఒక్కటీ లేదు.

ఆ జాలి చూపు ఇంటికొచ్చాక కూడా వదల్లేదు.

నా చేతిలో ఉన్నది సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చిన మోడల్. ఇప్పటికీ కొత్తది కొనుక్కోవచ్చు. 1997 నాటి టీవీ గానీ, కంప్యూటర్ గానీ, ఫోన్ గానీ ఇవాళ అదే పేరుతో అదే రూపంలో దొరుకుతుందా? ఇన్నేళ్లయినా దాన్ని వదిలి ముందుకు పోలేకపోయారని ఒకరంటారు. అప్పుడే అంత బాగా చేశారు, ఇంకేం మార్చాలని ఇంకొకరంటారు. నేను చాలాకాలం రెండో జట్టులో ఉన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఫ్రిట్జ్ సెన్‌హైజర్ అనే ఇంజనీరు 1945లో జర్మనీలోని హానోవర్ దగ్గర వెన్నెబోస్టెల్ అనే ఊళ్లో ఈ సంస్థను మొదలుపెట్టాడు. మొదట తయారుచేసింది హెడ్‌ఫోన్ కాదు, వోల్టేజీ కొలిచే మీటరు. తర్వాత మైకులు. హెడ్‌ఫోన్లలో పేరు తెచ్చింది 1968లో వచ్చిన హెచ్‌డీ 414. అప్పటిదాకా మంచి హెడ్‌ఫోన్ అంటే చెవిని పూర్తిగా కప్పేసే బరువైన గిన్నె. గిన్నె లోపల పల్చటి పొర ముందుకీ వెనక్కీ కదులుతూ శబ్దం పుట్టిస్తుంది. చెవి వైపు వెళ్లే శబ్దంతో గొడవ లేదు. కానీ అదే పొర వెనక వైపు గాలిని కూడా కదిలిస్తుంది కదా, ఆ శబ్దం గిన్నె గోడకు కొట్టుకుని తిరిగొచ్చి ముందు శబ్దంలో కలుస్తుంది. బిందెలో తల పెట్టి పాడినట్టు ఉంటుంది. హెచ్‌డీ 414 వెనక గోడను తెరిచేసింది. పసుపుపచ్చ స్పాంజి ప్యాడ్లు, దాదాపు 135 గ్రాముల బరువు. కోటికి పైగా అమ్ముడుపోయింది. ఇవాళ ఖరీదైన హెడ్‌ఫోన్లలో చాలావాటికి వెనక జాలీ ఉంటుంది చూడండి, ఆ దారి వేసింది ఇదే.

తర్వాత ఈ కంపెనీ పోరాటమంతా ఆ పల్చటి పొరతోనే. పొర మొత్తం ఒక్కటిగా, పళ్లెంలా ముందుకీ వెనక్కీ కదలాలి. కింది స్థాయి, అంటే బరువైన మంద్ర శబ్దాలకు అలాగే కదులుతుంది. స్థాయి పెరిగేకొద్దీ ఒకచోట ముందుకు వంగితే ఇంకోచోట వెనక్కి వంగుతుంది, పాటలో లేని గరగర పుడుతుంది. 2009లో వచ్చిన హెచ్‌డీ 800లో వాళ్లు పొర మధ్య భాగాన్నే తీసేసి ఉంగరంలా చేశారు. ఎక్కువగా వంగేది మధ్యభాగమే కాబట్టి, అసలు మధ్యే లేకపోతే సరి! మా జిల్లా వాళ్లకు ఈ తరహా పని కొత్తేమీ కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. కుండ గోడ ఎక్కడ ఎంత మందం ఉండాలన్నది చేతికీ చెవికీ తెలియాలి. జర్మనీ పొర అయినా గొల్లపల్లి పనస అయినా నేర్పు తరాల మీద కూడుకుంటుంది.

అయితే ఆ నేర్పులో కొంత భాగం ఈమధ్య బజారున పడింది. సంగతి ఇక్కడే ఆసక్తిగా ఉంటుంది.

హెడ్‌ఫోన్ ధ్వని బాగుందంటే ఏమిటి? అన్ని స్థాయుల శబ్దాలనూ సమానంగా పలికిస్తే చాలదు. గదిలో స్పీకర్ ముందు కూర్చున్నప్పుడు మన తల, భుజాలు, చెవి డొప్ప ఆ శబ్దాన్ని మార్చి లోపలికి పంపుతాయి. చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, అది 3,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర తనంతట తానే శబ్దాన్ని పెంచుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఈ లెక్క మారిపోతుంది కాబట్టి, ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో తయారీదారే చూసుకోవాలి. ఒకప్పుడు ఇది ఎవరి వంటింటి రహస్యం వాళ్లది. 2012 తర్వాత హార్మన్ అనే ఆడియో సంస్థలో పరిశోధకులు షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ శ్రోతలను కూర్చోబెట్టి, ఎక్కువమందికి ఏ తీరు నచ్చుతోందో పరీక్షించి ఒక గీతగా గీసి ప్రచురించారు. ఉప్పెంత, కారమెంత అన్నది అందరికీ తెలిసిపోయింది. ఇక కొత్త కంపెనీకి కావలసింది కొలిచే పరికరం, మంచి ఇంజనీరు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు ముందు పెట్టుకుని, వాటి ధరకూ ఏ స్థాయి శబ్దం ఎంత పలుకుతుందన్న తీరుకూ పెద్దగా సంబంధం కనిపించడం లేదని తేల్చాడు. బోలెడు డబ్బు పోసి కొన్న నాలాంటివాళ్లకు ఇది మింగుడుపడని మాత్ర.

అదే కాలంలో చైనాలో హైఫైమ్యాన్, అమెరికాలో ఆడిజ్ లాంటివి ప్లేనార్ పద్ధతిని పట్టుకున్నాయి. పొరకు ఒకచోట తీగచుట్ట అతికించి నెట్టడం కాదు. పొర మొత్తం మీద సన్నని లోహపు దారి పరిచి, దాన్ని అయస్కాంతాల మధ్య కదిలిస్తారు. పొర అంతటికీ ఒకేసారి తోపు అందుతుంది. ఆడిజ్‌ని 2023లో సోనీ గేమింగ్ విభాగం కొనేసింది.

ఇదంతా ఇంట్లో కూర్చుని వినేవాళ్ల పోటీ. ఈ పోటీలో సెన్‌హైజర్ ఓడిపోయిందని నేను ఒప్పుకోను. అసలు దెబ్బ తగిలింది బస్సులో.

విజయనగరం నుంచి విశాఖ వెళ్లే ఆర్టీసీ బస్సులో నా హెచ్‌డీ 600 ఎందుకూ పనికిరాదు. వెనక జాలీ కదా, ఇంజిన్ రొద నేరుగా లోపలికి వస్తుంది. మా మేనల్లుడు చవగ్గా కొన్న నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ పెట్టుకుని ఆనందపురం వచ్చేసరికి నిద్రపోతాడు. శబ్దమంటే గాలిలో ఒత్తిడి ఎత్తుపల్లాలు. బడ్‌లోని మైకు బయటి రొదను వింటుంది, చిప్పు దానికి తలకిందులైన అలను పుట్టిస్తుంది. ఎత్తు మీద పల్లం పడి రెండూ చెల్లిపోతాయి. పౌల్ ల్యూగ్ అనే జర్మన్ ఈ ఆలోచన మీద 1936లోనే అమెరికా పేటెంటు పొందాడు.

కానీ అదే బడ్స్‌లోంచి కండక్టర్ ఈల వినిపిస్తుంది. 100 హెర్ట్జ్ ఇంజిన్ గుర్రు అల పొడవు సుమారు మూడున్నర మీటర్లు. మైకుకూ చెవికీ మధ్య లెక్క ఒక సెంటీమీటరు తప్పినా అంత పొడవులో తేడా తెలియదు. 3,000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు పదకొండు సెంటీమీటర్లే. అక్కడ ఒక సెంటీమీటరు తప్పితే ఎత్తు మీద పల్లం సరిగ్గా పడదు, దాదాపు సగం శబ్దం మిగిలిపోతుంది. అందుకే పై స్థాయి శబ్దాలను ఆపే పని చాలావరకు చెవిలో బిగిసే రబ్బరు మొనదే. కింది స్థాయిది చిప్పు పని. చెవికి ఇందులో మేలు కూడా ఉంది. పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రొద తగ్గితే వాల్యూం పెంచే పని ఉండదు. బస్సులో నాలాంటివాడు వాల్యూం పెంచుకుంటూ పోయి సాయంత్రానికి చెవుల్లో గుయ్యిమని తిరుగుతాడు.

విచిత్రం ఏమిటంటే ఈ విద్యలు సెన్‌హైజర్‌కి తెలియనివి కావు. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో వైరు లేకుండా హెడ్‌ఫోన్‌కి పాట పంపడం 1975లోనే చేసింది. 1980ల్లో లుఫ్తాన్సా పైలట్ల కోసం రొద తగ్గించే హెడ్‌సెట్ చేసింది. మరి తెలిసీ ఎందుకు వెనకబడింది?

హెడ్‌ఫోన్ అనే వస్తువే మారిపోయింది, నాకు తోచిన జవాబు అదే. 2016లో యాపిల్ ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ గుచ్చే కన్నాన్ని తీసేసి, అదే ఏడాది చివర ఎయిర్‌పాడ్స్ అమ్మడం మొదలుపెట్టింది. అప్పటినుంచి చెవిలో పెట్టుకునేది ఒక చిన్న కంప్యూటర్. ఫోనూ, బడ్సూ, రెండింటి మధ్య మాట్లాడే చిప్పూ ఒకే ఇంటివైతే మూత తెరవగానే అతుక్కుంటాయి. పొరను సానబెట్టడంలో యాభై ఏళ్ల అనుభవం ఉన్న కంపెనీ కూడా చిప్పు దగ్గరికొచ్చేసరికి కొనుక్కోవడానికి అంగడిలో నిలబడాలి. అదే అంగడిలో నిన్న పుట్టిన కంపెనీ కూడా నిలబడి ఉంటుంది.

2021లో సెన్‌హైజర్ కుటుంబం మనలాంటి వినియోగదారుల హెడ్‌ఫోన్ల వ్యాపారాన్ని స్విట్జర్లాండ్ కంపెనీ సోనోవాకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. 20 కోట్ల యూరోల బేరం, 2022లో చేతులు మారింది. స్టూడియో, స్టేజి మైకుల వ్యాపారం కుటుంబం దగ్గరే ఉంది. సోనోవా ఏం చేస్తుందో తెలుసా? వినికిడి యంత్రాలు. మొదట విన్నప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఇంతకన్నా సరైన సంబంధం దొరకదనిపించింది. గోరంత డబ్బాలో మైకు, చిప్పు, బ్యాటరీ, స్పీకరు ఇరికించి చెవిలో పెట్టే పని వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. తాతయ్య చెవి మిషనూ మనవడి బడ్సూ బంధువులేనని వ్యాపారం ముందే కనిపెట్టింది.

ఇంకో పాత హెడ్‌ఫోన్ కంపెనీదీ ఇదే కథ. వియన్నాలో 1947లో పుట్టిన ఏకేజీ హార్మన్ చేతికి, హార్మన్‌తో పాటు 2017లో శామ్‌సంగ్ చేతికి వెళ్లింది.

కాబట్టి నన్నడిగితే, బస్సులో వెనకబడింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉన్నా నిజం అదే. రాత్రి పదిన్నరకు వీధి సద్దుమణిగాక మాత్రం నాకు వైరే కావాలి. మా ఊరి సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ గురువు. ద్వారం వారి పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డుల్లో గీతల బరబర ఎలాగూ ఉంటుంది, ఏ హెడ్‌ఫోనూ దాన్ని పోగొట్టదు. కానీ ఆ బరబర ఒక పక్కకు జరిగి, కమాను తీగ మీద ఆనిన క్షణం విడిగా వినిపిస్తుంది. ఇంకో సంగతి. నా హెడ్‌ఫోన్‌కి ప్యాడ్లు పోతే ప్యాడ్లు, వైరు పోతే వైరు మార్చుకున్నాను. అంతకుముందు వేరే కంపెనీ బడ్స్ కొంటే రెండేళ్లకు బ్యాటరీ చచ్చిపోయింది, మార్చడం కుదరదన్నారు. పారేశాను.

షాపు సంగతి సగంలో వదిలేశాను. కుర్రాడు డ్రాయరంతా వెతికి అడాప్టర్ తీశాడు. "ఒకసారి విని చూడు బాబూ" అని ఇచ్చాను. పి. సుశీల పాట పెట్టాను, మా ఊరి ఆవిడే కదా. వాల్యూం చివరిదాకా పెంచినా అంతంత మాత్రమే వచ్చింది. ఇది 300 ఓమ్‌ల నిరోధం ఉన్న హెడ్‌ఫోన్, అంత చిన్న అడాప్టర్ ఇచ్చే వోల్టేజీ దానికి చాలదు. అయినా ఒక చరణం పూర్తయ్యేదాకా తియ్యలేదు. తీశాక ముఖం చిట్లించి, "పాట బానే ఉందండీ. కానీ బయట ఆటో హారన్లు కూడా వినిపించేస్తన్నాయి, ఇది పాడైపోయినట్టుంది" అన్నాడు.