యూరియా వేస్తే క్లోవర్ పని తగ్గిస్తుంది

న్యూజిలాండ్‌లో పాడి ఆవులు మేసే పచ్చిక దూరం నుంచి అంతా ఒకటే గడ్డిలా ఉంటుంది గానీ, వంగి చూస్తే రైగ్రాస్ పోచల మధ్య మూడేసి ఆకుల తెల్ల క్లోవర్ నేలబారుగా అల్లుకుని కనిపిస్తుంది. మన పెసర, అలసందల్లాగే ఇదీ పప్పుజాతి మొక్కే. వేరు పెకలించి కడిగితే చిన్న చిన్న బుడిపెలుంటాయి, ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి దగ్గర చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల ఆ రంగు. బుడిపెలోని రైజోబియం బ్యాక్టీరియా ఒక ఎంజైమ్‌తో గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైమ్ పాడవుతుంది, ఆక్సిజన్ లేకపోతే బ్యాక్టీరియా బతకదు, అందుకే ఆక్సిజన్‌ని పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందించే ఏర్పాటు ఈ లెగ్‌హిమోగ్లోబిన్. ఎంత ముచ్చటైన ఏర్పాటో!

క్లోవర్ ఈ నత్రజనిని పక్కనున్న గడ్డికి నేరుగా ఇచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా అందేది తక్కువే. దాని ఆకులు, వేర్లు కుళ్ళినప్పుడూ, ఆవు మేసి పేడ, మూత్రం వేసినప్పుడూ నేలకి చేరేదే ఎక్కువ.

అయితే బ్యాక్టీరియాకి తిండి పెట్టాల్సింది క్లోవరే, తను తయారుచేసుకున్న చక్కెరలోంచి. నేలలో నత్రజని తేరగా దొరికితే ఆ ఖర్చెందుకని బుడిపెల పని తగ్గించేస్తుంది. పైగా యూరియా తిన్న గడ్డి ఏపుగా ఎదిగి, నీడ కమ్మి దాన్ని అణిచేస్తుంది. దశాబ్దాల పాటు క్లోవర్ మీదే నడిచిన న్యూజిలాండ్ పాడిలో 1990ల నుంచి యూరియా బాగా పెరిగింది, నేలలో మిగిలిన నత్రజని నైట్రేట్ రూపంలో నీళ్ళలో చేరి పెద్ద సమస్యైంది, చివరికి 2021 జూలై నుంచి మేత భూముల్లో రసాయన నత్రజని ఏడాదికి హెక్టారుకు 190 కిలోలు దాటకూడదని నిబంధన పెట్టారు. క్లోవర్ ఉన్నా మూత్రం పడిన చోట నైట్రేట్ కిందికి ఇంకుతుంది, అది వేరే సంగతి.

మన ఎండలకి తెల్ల క్లోవర్ నిలవదు. పశువుల మేతకి జొన్నలో అలసంద కలిపి వేయడంలో ఉన్నది మాత్రం ఇదే లెక్క.

ఒక్క జాగ్రత్త. లేత క్లోవర్ ఎక్కువగా మేస్తే ఆవు పొట్టలో గ్యాస్ నురగలో చిక్కుకుని తేన్పుగా బయటికి రాదు, ఎడమ డొక్క ఉబ్బుతుంది, ఊపిరాడక గంటల్లోనే ప్రాణం పోవచ్చు. నూనె తాగిస్తే నురగ విరుగుతుంది, కానీ పశువైద్యుడికి వెంటనే కబురు పెట్టాలి. ఆకలి మీదున్న ఆవుని క్లోవర్ దట్టంగా ఉన్న చోటికి అసలు తోలకూడదు, ముందు ఎండుగడ్డి వేసి కాస్త కడుపు నిండాకే వదలాలి.